గవ్వకు ఆపరేషన్

నాలుగు కిలోల బరువైనా లేని ఒక ప్రాణి గురించి మా ఇంట్లో రెండు నెలలుగా చర్చ నడుస్తోంది. పేరు గవ్వ, తెల్లటి పొమెరేనియన్. ఎనిమిదో నెలలో మొదటిసారి ఎదకు వచ్చింది. వీధిలోని మగకుక్కలన్నీ మా గేటు ముందు కొలువుతీరడంతో ఆ సంగతి కాలనీ అంతటికీ తెలిసిపోయింది.

పశువైద్యురాలి లెక్క సూటిగానే ఉంది. గర్భసంచీ అండాశయాలూ తీసేస్తే పిల్లల బెడద ఉండదు. అంతకన్నా ముఖ్యం, ఎద ముగిసిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీముపట్టే పయోమెట్రా రాదు. రొమ్ముగడ్డల ముప్పూ తగ్గుతుంది. మొదటి ఎదకు ముందే చేయిస్తే ఇంకా బాగా తగ్గేది గానీ, మేము మీనమేషాలు లెక్కిస్తుండగానే ఆ గడువు దాటిపోయింది. పెద్దజాతి కుక్కలకు తొందరపడి చేయిస్తే వస్తాయనే కీళ్ళజబ్బుల భయం ఇంత చిన్నవాటికి అంతగా లేదు. ఊడకుండా మిగిలిన రెండు పాలపళ్ళనూ అదే మత్తులో తీసేస్తారట.

పయోమెట్రా నాకు కొత్తమాట కాదు. 2009లో మా రాణి దానితోనే పోయింది. అదేపనిగా నీళ్ళు తాగుతూంటే ఎండలవల్లనే అనుకున్నాను. ఆ వేసవిని తలుచుకోవడం నాకిప్పటికీ ఇష్టముండదు.

కనుక సందేహం నాది కాదు, అమ్మది. "ఒక్క ఈతైనా ఈననివ్వరా" అంటుందనుకున్నాను. ఒక కాన్పయితేనే ఆరోగ్యమన్న నమ్మకానికి ఆధారం లేదని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. అమ్మ ఆ మాట అనలేదు. వత్తులు చేసుకుంటూ, "నాకూ ముప్ఫై రెండేళ్ళకే తీసేశారు కదురా. కడుపునొప్పని వెళితే కాన్సర్ అవుతుందని భయపెట్టారు. మీ నాన్న సంతకం పెట్టారు. నన్నెవరూ అడగలేదు" అంది.

అప్పుడు నేను అయిదో తరగతి. అమ్మమ్మగారింట్లో నెలరోజులు ఉండొచ్చని సంబరపడ్డవాణ్ణి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, గర్భసంచి తీయించుకున్న స్త్రీల విషయంలో ఆంధ్రప్రదేశే దేశంలో మొదటిదని చదివినప్పుడు కూడా నాకు అమ్మ గుర్తుకు రాలేదు.

కుక్కకూ మనిషికీ పోలికేమిటని అనబోయి మానుకున్నాను. అవసరమైన ఆపరేషనుకూ అక్కరలేనిదానికీ తేడా ఆవిడకు తెలియక కాదు. రాణిని పూడ్చిన జామచెట్టుకు రోజూ నీళ్ళు పోసేది ఆవిడే.

నిన్న ఆస్పత్రివారిచ్చిన అంగీకారపత్రాన్ని బల్లమీద పెట్టాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. "మత్తులో ఏమైనా అయితే బాధ్యత మనదేనని రాశారే?" అని అడిగింది. ముందుగా రక్తపరీక్ష చేస్తారని చెప్పాను.

"కుట్లు విప్పేదాకా నా గదిలోనే పడుకుంటుంది" అని, కలం ఇమ్మంది.