తీసేసింది ఎక్కడికి పోతుంది?

విమ్‌లో ఒక పేరా తీసి ఇంకోచోట పెట్టడం చిన్న పనే. 'డీ ఏ పీ' కొడితే పేరా మొత్తం లేచిపోతుంది, కావాల్సిన చోట 'పీ' నొక్కితే వచ్చి కూర్చుంటుంది. మధ్యలో ఇంకేదైనా డిలీట్ చేశామా, కథ మారిపోతుంది. విమ్‌కి డిలీట్ అన్నా కట్ అన్నా ఒకటే. ఆఖరున ఏది తీస్తే అదే 'పీ'కి దొరుకుతుంది.

సీ ప్రోగ్రామ్ అయితే పోతే పోయిందిలే అనుకుంటాం. నేను టైప్ చేస్తున్నది తాతయ్య నోట్‌బుక్. మాది అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబర్ 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెన గురించి ఆయన రాసుకున్న పేజీలు అవి. అంతా గొలుసుకట్టు రాత. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, అచ్చులో ఉన్న తెలుగే కూడబలుక్కుని చదువుతా. అందుకని రాత్రిపూట ఆయన ఫోన్‌లో చదువుతారు, నేను ఇక్కడ విజయవాడ హాస్టల్‌లో కొడతాను. నీళ్లు తీశాక ఏ ఇంట్లో ఎవరు మిగిలారో రాసిన పేరా దగ్గర ఆయన గొంతు పూడుకుపోయింది. ఎలాగో చివరిదాకా చదివి, "ఇది మాత్రం మళ్లీ చదవమనొద్దమ్మా" అన్నారు.

ఆ పేరాని రెండో పేజీలోకి జరపాలి. తీశాను. అక్కడ రెండు ఖాళీ లైన్లుంటే వాటినీ 'డీ డీ' కొట్టి తీసి, 'పీ' నొక్కాను. ఒక ఖాళీ లైను వచ్చింది.

'యూ' నొక్కితే అన్‌డూ అవుతుందిగా అంటారు. అవుతుంది. కానీ పేరా అసలు ఎక్కడుందో చూడాలనిపించి, కోలన్ పెట్టి 'రెగ్' కొట్టాను. రిజిస్టర్లన్నీ వరసగా కనిపించాయి. లైన్లకు లైన్లు తీసినప్పుడల్లా కొత్తది ఒకటో నంబర్‌లోకి ఎక్కుతుంది, పాతవి ఒక్కో నంబర్ వెనక్కి జరుగుతాయి, బస్సులో కండక్టర్ జరగమన్నట్టు. తొమ్మిది దాటితే దిగిపోవడమే. తాతయ్య పేరా మూడులో ఉంది. డబుల్ కోట్, మూడు, పీ. వచ్చేసింది! అదే 'వై'తో కాపీ చేసిందైతే సున్నాలో ఉండేది, డిలీట్లు దాన్ని ముట్టుకోవు.

విమ్‌లో కాపీ చేసింది బ్రౌజర్‌లో పేస్ట్ అవ్వకపోవడం ఇంకో తంటా. దానికి ప్లస్ రిజిస్టర్ వేరే ఉంది. ఉబుంటులో మామూలు విమ్ ప్యాకేజీకి ఆ సదుపాయం ఉండదు, విమ్-జీటీకే3 వేసుకోవాలి.

అండర్‌స్కోర్ రిజిస్టర్ పేరు బ్లాక్ హోల్. అందులోకి తీసింది ఏ నంబర్‌లోనూ మిగలదు. ఖాళీ లైన్లు ఇప్పుడు దాంట్లోకే. ఆ పేరాని మాత్రం 'టీ' రిజిస్టర్‌లో విడిగా పెట్టుకున్నా. ఎడిటర్ మూసి తెరిచినా ఉంటుంది. కాకపోతే సెట్టింగ్ మార్చకపోతే విమ్ ఒక్కో రిజిస్టర్‌లో 50 లైన్లే దాస్తుంది. తాతయ్య పేరా 14 లైన్లే.