బాన్సువాడ రైస్‌మిల్లులో బూట్ డిస్కు మరమ్మతు

యూనిక్స్ సర్వర్‌కు కరెంటు అందినప్పటి నుంచి లాగిన్ పేరు అడిగే దాకా జరిగే పనంతా బూట్ డిస్కు మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే దాన్ని ఒంటరిగా ఉంచరు. రెండు డిస్కులు పెట్టి, ఒకదాని మీద రాసినదంతా రెండోదాని మీదా రాయిస్తారు. దీన్నే మిర్రరింగ్ అంటారు. 1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ప్రచురించిన పరిశోధన పత్రం డిస్కుల కూర్పులకు రెయిడ్ అని పేరు పెట్టి, మిర్రరింగ్‌కు అందులో ఒకటో స్థాయి ఇచ్చింది. పద్ధతి మాత్రం అంతకు ముందు నుంచే వాడుకలో ఉంది. జంటలో ఒక డిస్కు పోయినా యంత్రం ఆగదు, పని నడుస్తూనే ఉంటుంది. డిస్కు పోయిన సంగతి నెలల తరబడి ఎవరికీ తెలియకపోవడానికి కారణం కూడా అదే.

కామారెడ్డి జిల్లా బాన్సువాడలో ఒక రైస్‌మిల్లు ఆఫీసులో అలాంటి సర్వర్‌కే మరమ్మతు జరిగింది. మంజీర నది మీద 1923-31 మధ్య కట్టిన నిజాంసాగర్ ఈ ప్రాంతాన్ని వరి పొలాల సీమగా మార్చింది. యాసంగి కోతలు మొదలైతే ట్రాక్టర్లు, లారీలు కాటా ముందు వరస కడతాయి. బండి బరువు, వడ్ల తేమ శాతం, బస్తాల లెక్క అన్నీ ఆఫీసు వెనక గదిలోని ఆ యంత్రంలోకే చేరతాయి. అది ఆగితే కాటా చీటీ రాదు, చీటీ లేకుండా బండి కదలదు. ఊరికి రైలు మార్గం లేదు. డిస్కు కావాలన్నా, దాన్ని బిగించే మనిషి కావాలన్నా నిజామాబాద్ నుంచో హైదరాబాద్ నుంచో బస్సులో రావలసిందే.

సర్వర్‌లో నడిచేది ఫ్రీబీఎస్‌డీ. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్‌కు బర్కిలీ శాఖ నుంచి వచ్చిన వారసుడు ఇది, తొలి విడుదల 1993లో. చిన్న ఊళ్లో యూనిక్స్ ఏమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా పనిచేసిన సి. రంగరాజన్, రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నర్‌గా ఉండగా ఆయన నాయకత్వంలోని కమిటీ 1984లో బ్యాంకుల యంత్రీకరణకు బాట వేసింది. ఆ తర్వాత బ్యాంకు శాఖల్లోకి వచ్చిన కంప్యూటర్లలో యూనిక్స్ కుటుంబానివి చాలా ఉండేవి.

ఈ వ్యాసకర్త వెళ్లిన రోజున నిజామాబాద్ నుంచి వచ్చిన యువ టెక్నీషియన్ ముందుగా ‘జెడ్‌పూల్ స్టేటస్’ అనే ఆదేశం ఇచ్చాడు. ఫ్రీబీఎస్‌డీలో డిస్కుల జంటను చూసుకునే జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ వ్యవస్థ సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టి, 2008లో ఏడో వెర్షన్‌తో ఇక్కడికి వచ్చింది. తెర మీద పూల్ (అంటే ఆ డిస్కుల జంట) పేరు పక్కన ‘డీగ్రేడెడ్’ అనీ, రెండో డిస్కు పక్కన ‘ఫాల్టెడ్’ అనీ ఉంది. డేటా క్షేమంగానే ఉంది, కానీ ఒంటికాలి మీద.

దీన్ని చూసి వెంటనే కొత్త డిస్కు కొనడం తొందరపాటు. తప్పు డిస్కుదా, కేబుల్‌దా అన్నది ముందు తేలాలి. ప్రతి డిస్కూ స్మార్ట్ అనే పద్ధతిలో తన ఆరోగ్య లెక్కలను తనలోనే రాసుకుంటుంది. 199వ అంశంలో సీఆర్‌సీ తప్పులు పెరుగుతూ మిగతా అంకెలు బాగుంటే అనుమానం కేబుల్ మీదకు పోవాలి. 5వ అంశంలో మార్చిన సెక్టార్లు, 197వ అంశంలో చదవలేక వేచి ఉన్న సెక్టార్లు పెరుగుతుంటే డిస్కు ఉపరితలమే చెడుతోందని అర్థం. ఇక్కడ రెండో సంగతే జరిగింది. పక్కనే నిలబడి చూస్తున్న పెద్ద గుమాస్తా అడిగాడు: “మిషిన్ మంచిగనే నడుస్తున్నది గద తమ్మీ, సీజన్ అయినంక మార్చుకుంటే కాదా?” టెక్నీషియన్ తల అడ్డంగా ఊపాడు: “నడుస్తున్నప్పుడే మార్చాలె కాకా. ఇంకోటి గూడ పోతే మార్చనీకి ఏం మిగలది.” ఆ మాటలో అతిశయోక్తి లేదు. జంట డిస్కులను మామూలుగా ఒకేసారి కొంటారు. రెండూ ఒకే తయారీ గుంపువి, ఒకే వేడిలో, ఒకే పని భారంతో, అన్నే గంటలు తిరిగినవి. ఒకటి చెడిన కాలానికి రెండోది కూడా ముసలిదై ఉంటుంది. పైగా కొత్త డిస్కును నింపేటప్పుడు ఆ ముసలి డిస్కునే ఆగకుండా చదవాలి.

అందుకే డిస్కు ముట్టుకునే ముందు బ్యాకప్ తీయాలి. మిర్రర్ ఉంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదనుకునే ఆఫీసులు చాలా ఉన్నాయి. పొరపాటున చెరిపిన ఫైలు రెండు డిస్కుల మీదా ఒకే క్షణంలో చెరిగిపోతుంది, మిర్రర్ దాన్ని కాపాడదు. ఇక్కడ పూల్ మొత్తానికి స్నాప్‌షాట్ తీసి, యూఎస్‌బీ డిస్కులోకి పంపారు. అది పూర్తయ్యే దాకా టెక్నీషియన్ స్క్రూడ్రైవర్ తీయలేదు. అదే సరైన పద్ధతి.

తర్వాతి గండం డిస్కును గుర్తుపట్టడం. ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని ‘ఏడీఏ1’ అంటుంది, కానీ డబ్బా మీద ఆ పేరు రాసి ఉండదు. ట్రేల వరస, పేర్ల వరస ఒకటే అయి ఉంటాయన్న నమ్మకంతో బాగున్న డిస్కును లాగేస్తే ఆ క్షణంలోనే యంత్రం పడిపోతుంది. నమ్మదగింది సీరియల్ నంబరు ఒక్కటే. చెడిన డిస్కు సీరియల్‌ను తెర మీద చూసి, కాగితం మీద రాసుకుని, ట్రేలోని లేబుల్‌తో అక్షరం అక్షరం పోల్చాక గాని దాన్ని బయటకు తీయకూడదు. అలాగే తీశారు. ట్రేలు నడుస్తున్న యంత్రంలోనే మార్చగలిగే రకం కాబట్టి కాటా పని ఆగలేదు. మెమరీ చాలనప్పుడు వాడే స్వాప్ భాగాన్ని కూడా జీమిర్రర్ అనే సాధనంతో జంటగా ఉంచడం మరో అదృష్టం. స్వాప్ ఒక్క డిస్కు మీదే ఉండి ఆ డిస్కు పోతే, ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నా నడుస్తున్న ప్రోగ్రాములు కూలిపోవచ్చు.

కొత్త డిస్కు పెట్టాక చేసే పనుల్లోనే అసలు మెలకువ ఉంది. బూట్ డిస్కులో మూడు ముక్కలుంటాయి: బూట్ కోడ్ ఉండే చిన్న భాగం, స్వాప్, ఆ తర్వాత జెడ్‌ఎఫ్‌ఎస్. వీటిలో జెడ్‌ఎఫ్‌ఎస్ చూసుకునేది చివరి ముక్కను మాత్రమే. కాబట్టి ముందు జీపార్ట్ ఆదేశంతో బాగున్న డిస్కు విభజన పట్టికను కొత్తదాని మీదకు ఎక్కించాలి. ఇక్కడ మూలం ఏది, గమ్యం ఏది అన్నది రెండుసార్లు చూసుకోవాలి. తలకిందులైతే బాగున్న డిస్కు పట్టికే పోతుంది. కొత్త డిస్కు పాతదానికంటే కొన్ని సెక్టార్లు చిన్నదైనా ఈ అడుగు దగ్గరే పని నిలిచిపోతుంది. వేరే కంపెనీ డిస్కు కొనేవారు డబ్బా మీది ‘1 టెరాబైట్’ అన్న మాటను నమ్మకుండా సెక్టార్ల సంఖ్య చూసుకోవాలి.

ఆ తర్వాత బూట్ కోడ్. డిస్కు మొదటి సెక్టార్‌లో 512 బైట్లకు మించని చిన్న ప్రోగ్రాము ఉంటుంది. యంత్రం ఆన్ కాగానే నడిచే బయోస్ దాన్ని పిలుస్తుంది, అది మొదటి విభాగంలోని ‘జీపీటీజెడ్‌ఎఫ్‌ఎస్‌బూట్’ను పిలుస్తుంది, అది పూల్‌ను చదివి లోడర్‌ను, లోడర్ కెర్నెల్‌ను లేపుతాయి. ఇందులో మొదటి రెండు మెట్లూ మిర్రర్ బయట ఉన్నాయి. వాటిని మనిషే ఒక ఆదేశంతో కొత్త డిస్కు మీద రాయాలి. బయోస్ బదులు యూఈఎఫ్‌ఐ ఉన్న యంత్రమైతే ఈఎఫ్‌ఐ విభాగంలోకి లోడర్ ఫైలును కాపీ చేయాలి, దాన్నీ మిర్రర్ పట్టించుకోదు. ఎక్కువ మంది మరచిపోయేది ఈ అడుగునే. మరచినా ఆ రోజు ఏమీ కాదు. పూల్ ‘ఆన్‌లైన్’ అని చూపిస్తుంది, అందరూ ఇంటికి పోతారు. ఏడాది తర్వాత మిగిలిన పాత డిస్కు కూడా పోయి, యంత్రాన్ని మళ్లీ ఆన్ చేసిన రోజున, డేటా అంతా ఉన్న డిస్కు ముందు బయోస్ దిక్కులేక నిలబడుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌ను కొత్త వెర్షన్‌కు అప్‌గ్రేడ్ చేసినప్పుడూ ఇదే చిక్కు రావచ్చు. కొత్త లక్షణాలున్న పూల్‌ను పాత బూట్ కోడ్ చదవలేకపోవచ్చు కాబట్టి, అప్పుడు రెండు డిస్కుల మీదా దాన్ని తిరగరాయాలి.

ఇవి అయ్యాకే ‘జెడ్‌పూల్ రీప్లేస్’. దాంతో కొత్త డిస్కును నింపే పని మొదలవుతుంది, దీన్ని రీసిల్వరింగ్ అంటారు. 1 టెరాబైట్ డిస్కును మొత్తం సెకనుకు 130 మెగాబైట్ల వేగంతో నింపినా రెండు గంటలు దాటుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ వాడకంలో ఉన్న భాగాన్నే కాపీ చేస్తుంది కాబట్టి సగం ఖాళీగా ఉన్న డిస్కు చాలా ముందే పూర్తవుతుంది. స్వాప్ జంటలోంచి పోయిన డిస్కును మరిచిపొమ్మని చెప్పి కొత్త విభాగాన్ని చేర్చడం చిన్న పని. తర్వాత ‘స్క్రబ్’ నడిపించారు. అది ప్రతి బ్లాకునూ చదివి చెక్‌సమ్‌తో సరిచూస్తుంది. ఒక డిస్కులో తప్పు దొరికితే రెండోదాన్నుంచి సరిదిద్దుతుంది.

పరీక్షను చివరి లారీ వెళ్లాక రాత్రికి పెట్టుకున్నారు. యంత్రాన్ని ఆపి, పాత డిస్కును ట్రేలోంచి సగం లాగి, కొత్తది ఒక్కటే ఉండగా ఆన్ చేశారు. బయోస్ బూట్ వరసలో రెండో డిస్కు పేరు అసలు లేదని అప్పుడే బయటపడింది. చేర్చాక లాగిన్ తెర వచ్చింది. మళ్లీ ఆపి పాతదాన్ని తోసి ఆన్ చేస్తే, మధ్యలో మారినదాన్ని మాత్రమే జెడ్‌ఎఫ్‌ఎస్ క్షణాల్లో సర్దుకుంది. ఈ పరీక్ష చేయకుండా మరమ్మతు బిల్లు ఇవ్వడం సరికాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇతర యూనిక్స్‌లలో ఆదేశాల పేర్లు మారతాయి, క్రమం అదే. ఐబీఎం ఏఐఎక్స్‌లో రూట్‌వీజీకి కొత్త డిస్కు చేర్చి మిర్రర్ చేశాక ‘బాస్‌బూట్’, ‘బూట్‌లిస్ట్’ నడపాలి. సోలారిస్‌లో ‘ఇన్‌స్టాల్‌బూట్’, హెచ్‌పీ-యూఎక్స్‌లో ‘ఎమ్‌కేబూట్’ బూట్ కోడ్ రాసే పని చేస్తాయి.

డిస్కు ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియకపోవడానికి కారణం కూడా ఆ రాత్రే దొరికింది. ఫ్రీబీఎస్‌డీ రోజూ ఒక నివేదిక తయారుచేసి రూట్ అనే నిర్వాహక ఖాతా పేరిట మెయిల్ పంపుతుంది. పీరియాడిక్ కాన్ఫ్ ఫైలులో ఒక వాక్యం చేరిస్తే అందులో పూల్ ఆరోగ్యం కూడా వస్తుంది. ఈ యంత్రంలో ఆ వాక్యం ఉంది. మెయిళ్లు మాత్రం ఎవరూ తెరవని రూట్ పెట్టెలో పేరుకుపోయాయి. ఏలియాసెస్ ఫైలులో రూట్ పేరును గుమాస్తా చూసే చిరునామాకు మళ్లించారు. మీ ఆఫీసులోనూ ఇలాంటి సర్వర్ ఉంటే, దాని రూట్ మెయిల్ ఎవరికి వెళ్తోందో రేపే కనుక్కోండి. ఎవరికీ వెళ్లడం లేదంటే, ముందు జెడ్‌పూల్ స్టేటస్ చూడండి.