పరుగూ, ఫలహారమూ, పలకరింపూ

హోసూరు పేరు చెప్పగానే బెంగుళూరులోని మా బంధువులు "ఓహో, ఫ్యాక్టరీల ఊరా!" అంటారు. కృష్ణగిరి అంటే "మామిడిపండ్లు తెస్తారా?" అని అడుగుతారు. రెండు మాటలూ నిజమే. వాచీలూ, లారీలూ, మోటారుసైకిళ్ళూ హోసూరులో తయారవుతున్నవి. మామిడిగుజ్జు కృష్ణగిరి నుండి దేశాంతరాలకు పోతున్నది. అయితే ఈ రెండు ఊళ్ళ నడుమనున్న యాభై కిలోమీటర్ల నేలమీద మా శని, ఆదివారాలు ఎట్లా గడుస్తున్నవో వ్రాయవలసినదని సంఘములోని మిత్రులు కోరినారు. వారు కోరినది పరుగుపందెముల ముచ్చట మాత్రమే. వ్రాయడానికి కూర్చుంటే పరుగు వెంట ఫలహారమూ, ఫలహారము వెంట స్నేహితుల ఇండ్లూ వరుసగా వస్తున్నవి. చదువరులు మూడింటినీ కలిపి స్వీకరించగలరు.

మేమంటే ఇద్దరము. ఒకరిది ఆఫీసులో గుమాస్తా పని, ఒకరిది ఇంటివద్ద కుట్టుమిషను. ఇద్దరమూ నలుబదులు దాటినవారము. పదవ తరగతి దాకా తెలుగులోనే చదివి, అరవము వీధిలోనూ ఆఫీసులోనూ నేర్చుకొన్నవారము. పిల్లవాడు సేలంలో హాస్టలులో వుండి చదువుకొంటున్నాడు. కావున శనివారం మధ్యాహ్నం మొదలు ఆదివారం రాత్రి దాకా కాలము మా చేతిలో వుంటుంది.

మూడేండ్ల క్రిందట డాక్టరుగారు మా రక్తపరీక్ష కాగితాలు చూచి, "ఇద్దరికీ చక్కెర గడప దాకా వచ్చి నిలబడివున్నది, లోపలికి రానీయకండి, నడవండి" అన్నారు. రామనాయకన్ చెరువు గట్టున నడక మొదలుపెట్టినాము. అక్కడ నడిచేవారు కొందరు, పరిగెత్తేవారు కొందరు. నెల తిరిగేసరికి మేము రెండవ గుంపులో వున్నాము. మొదటి రోజులలో పాలుపోసే ఆయన బండి ఆపి, "ఏమక్కా, ఎవురన్నా తరుముతా ఉండారా?" అని అడిగినాడు. "అవునప్పా, చక్కెర తరుముతా ఉండాది" అన్నది మా ఇంటామె. వీధిలో మరికొందరికి ఈ వయస్సులో ఆడమనిషి రోడ్డున పరుగెత్తడము రుచించలేదు. వారికి సమాధానము చెప్పలేదు. ఆరునెలలు గడిచినాక వారిలో ఇద్దరు ఆమెవద్దకే వచ్చి, ఏ బూట్లు కొనాలో అడిగి వెళ్ళినారు.

పరుగుపందెమంటే మా చిన్ననాట బడిలో ముగ్గురికి బహుమానము, తక్కినవారికి దుమ్ము. ఇప్పటి తీరు వేరు. ఐదు, పది, ఇరవైయొక్క కిలోమీటర్లని తరగతులు వుంటవి. అన్నిటికంటె పెద్దది మారథాను, 42.195 కిలోమీటర్లు. ఆ చిల్లర 1908 లండను ఒలింపిక్సు నాటిది. 1921లో అదే అందరికీ ఖాయమైనది. మేము ఇరవైయొకటి దాటి ఆశపడలేదు. ముందుగా డబ్బు కట్టి పేరిస్తే ఒక బనియనూ, నంబరు కాగితమూ ఇస్తారు. కాగితాన్ని పిన్నీసులతో రొమ్ముకు తగిలించుకోవాలి. దాని వెనుక చిన్న చిప్పు అంటించివుంటుంది. మనము గీత దాటిన క్షణము నుండే అది మన కాలాన్ని లెక్కపెడుతుంది గనుక, గుంపులో వెనుక నిలబడినవారికి ఏమీ నష్టము లేదు. ఇరవైయేండ్లు హాజరుపట్టీ వ్రాసిన చేతికి ఈ న్యాయము మిక్కిలి నచ్చింది. గీత చేరిన ప్రతివారికీ పతకము ఇస్తారు. మా ఇంట మేకుకు పద్నాలుగు వ్రేలాడుతున్నవి. వాటిలో ఒకటీ గెలిచి తెచ్చినది కాదు.

బెంగుళూరులో 2008 నుండి జరుగుతూన్న పది కిలోమీటర్ల పెద్ద పందెములో 2023 మే నెలలో మేమూ పరిగెత్తినాము. హోసూరు నుండి నలుబది కిలోమీటర్లు గదా, తెల్లవారుజామున రెండున్నరకు లేచి బస్సెక్కవలసివచ్చింది. కెన్యా, ఇథియోపియా దేశాలవారు ఇరవై ఎనిమిది నిమిషాలలో ముగించిన దూరానికి మాలో ఒకరికి గంటా రెండు నిమిషాలూ, మరొకరికి గంటా పదకొండు నిమిషాలూ పట్టినవి. మొదటిది కుట్టుమిషను లెక్క, రెండవది ఆఫీసు లెక్క. చంద్రచూడేశ్వరస్వామి కొండమెట్లు ఆమె వారానికి రెండుసార్లు ఎక్కుతుంది, ఆఫీసువారు ఒక్కసారి. ఆ తొమ్మిది నిమిషాల తేడా అక్కడిదే.

మా సాధనలో మాకు ఇష్టమైన దారి తొరపల్లిది. 1878లో రాజాజీ పుట్టిన ఊరు అది. ఆయన పుట్టిన ఇల్లు స్మారకంగా వున్నది. పల్లెదారి, ఇరువైపులా గులాబీ, క్యాబేజీ తోటలు. కెలవరపల్లి జలాశయము వైపు పరుగు మాత్రము తగ్గించుకొన్నాము. బెంగుళూరు మురికి నీరు ఏటిలో కలిసి వచ్చి, తలుపులెత్తినప్పుడు తెల్లని నురుగు గుట్టలుగా లేస్తుంది. కొత్తవారు మంచనుకొని ఫోటోలు తీసికొంటారు. గాలి తిరిగి వాసన తగిలినాక ఫోను జేబులో పెట్టుకొని వెళ్తారు. ఆ యేరే దక్షిణ పినాకిని. నందికొండలలో పుట్టిన అక్కచెల్లెళ్ళలో ఒకతె నెల్లూరు దాటి సముద్రములో కలుస్తుంది; మా వైపు వచ్చినామె హోసూరు నుండి కృష్ణగిరికి దిగి కడలూరు వద్ద కలుస్తుంది. నెల్లూరువారు అదృష్టవంతులనవలె, వారి పినాకినికి త్రోవలో బెంగుళూరు తగలలేదు.

ఇక ఫలహారము. పందెము ముగియగానే అరటిపండూ, గ్లూకోసు నీరూ ఇస్తారు. అవి ఆకలిని లేపుతవే గాని తీర్చవు. ఎనిమిది గంటలకు ఏదో ఒక హోటలులో కూర్చుంటాము. బెంగుళూరులో సాంబారు తియ్యగా వుంటుంది. చక్కెర గడపలో వున్నవారికి అదొక పరీక్ష. కృష్ణగిరి సాంబారుకు కారము ఎక్కువ. హోసూరులో తియ్యని హోటలు, కారపు హోటలు ప్రక్కప్రక్కనే వుంటవి. ఆనాటి పరుగును బట్టి ఎంచుకోవచ్చును. బాగా పరిగెత్తిన రోజున మసాలాదోసె, లేనిరోజున ఇడ్లీ అని నియమము పెట్టుకొన్నాము గాని, దోసెల రోజులే ఎక్కువగా తేలుతున్నవి. బిల్లు మూడంకెలు దాటరాదన్న నియమము మాత్రము గట్టిగా పాటిస్తున్నాము. రాత్రి భోజనానికి మిలిటరీ హోటలులో ముద్ద, కోడికూర. రాగిముద్దను నమలరాదు, పులుసులో ముంచి మ్రింగాలి. కోస్తా నుండి వచ్చిన మా స్నేహితుడొకరు నమిలి నమిలి మా ముందు కండ్లనీళ్ళు పెట్టుకొన్నారు.

నెలకొక ఆదివారము కృష్ణగిరికి వెళ్తాము. ఆ పట్టణానికి రైలు లేదు, బస్సే గతి. హోసూరు సుమారు 880 మీటర్ల ఎత్తున వుంటే కృష్ణగిరి 500 దరిదాపుల వున్నది. శూలగిరి దాటినాక దారి దిగుతూ పోతుంది. హోసూరులో స్వెట్టరుతో బస్సెక్కినవాడు కృష్ణగిరిలో దానిని చంకనబెట్టుకొని దిగుతాడు. అక్కడ పరుగెత్తాలంటే సూర్యునితో పందెము. ఆరింటికి మొదలుపెట్టినవారు ఏడున్నరకు నీడ వెదకుకొంటారు. ఆనకట్ట దారిన మొదటి ఐదు కిలోమీటర్లూ హాయిగా సాగుతవి, తిరుగుదారిన సాగవు.

ఊరికి ఆనుకొని నిలువునా లేచిన రాతికొండమీద కోట వున్నది. శ్రీకృష్ణదేవరాయలవారి పేరనే ఊరి పేరు వచ్చినదని కొందరూ, నల్లనికొండ గనుక కృష్ణగిరి అని కొందరూ అంటారు. 1791 నవంబరులో ఇంగ్లీషు సేన రాత్రివేళ ఈ కోటను ముట్టడించి, పేటను పట్టగలిగినా కొండనెక్కలేక వెనుదిరిగింది. మరుసటి సంవత్సరము టిప్పుతో సంధి జరిగి బారామహలంతా కాగితముమీదనే వారి చేతికి వచ్చింది. మేము ఎక్కినరోజున మా కృష్ణగిరి స్నేహితుడు సగములో చతికిలబడి, "మనకూ సంధి కుదిరితే బాగుండు బావా" అన్నాడు.

ఆ స్నేహితునిది మామిడితోట. సంతలో తెలుగు, అరవము, తురకమాట మూడూ వినవస్తవి. ఆయన బేరాన్ని బట్టి మూడింటిలోనూ మాట్లాడతాడు. తోటలో ఎక్కువ భాగము తోతాపురి, అంటే మనము బెంగుళూరు మామిడి అనే చిలుకముక్కు కాయ. గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాయ అది. 2025 వేసవిలో, చిత్తూరు జిల్లాలో వలెనే ఇక్కడా దాని ధర కుప్పకూలింది. ఆ జూనులో మేము వెళ్ళేసరికి చెట్లక్రింద కాయలు రాలి పులిసిన వాసన కొడుతున్నవి. కోతకూలీ లెక్క వేసిచూస్తే కోయకపోవడమే మేలని తేలిందట. ఆనాడు మేము పరుగు ఎత్తలేదు. ముగ్గురమూ తోటలో కూర్చొని, ఆయన లెక్కల పుస్తకము చూచి, ఏ అప్పు ముందు తీర్చాలో వరుస వేసి వచ్చినాము. గుమాస్తాకు తెలిసిన విద్య అదే.

ఆదివారములు ఇట్లా గడుస్తవి. శనివారపు సాయంకాలము మాత్రము మేము వేరెవరికీ ఇవ్వము. బేరికె దగ్గరి పల్లెలో మా ఇంటామెకు పెద్దనాన్న వరుస అయిన పెద్దాయన ఇంటికి వెళ్తాము. ఆయనకు ఎనుబది దాటినవి. పుట్టినప్పుడు ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ, సేలం జిల్లా. 1956లో భాషలవారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఈ ప్రాంతము మద్రాసులోనే వుండిపోయింది. 1965లో ధర్మపురి జిల్లా అయింది. 1969లో రాష్ట్రము పేరు తమిళనాడు అయింది. 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. "నేను గడప దాటలే నాయినా. జిల్లాలే వస్తా పోతా ఉండాయి" అంటాడు.

ఇంటినిండా తెలుగు మాటలే. ఆవును అదిలించేది తెలుగులో, మనుమరాలిని కసిరేది తెలుగులో. కాని రెండేండ్లనాడు పెద్దాయనకు కంటిచూపు బాగా తగ్గినాక, ఆ ఇంట తెలుగు అక్షరము చదవగలవారు ఒక్కరూ లేరని బయటపడింది. కొడుకు ఇంగ్లీషు బడి, కోడలిది అరవబడి. 2006లో తమిళము తప్పనిసరి చేస్తూ చట్టము వచ్చి, ఒకటవ తరగతినుండి ఏటేటా ఒక తరగతి చొప్పున ఎక్కి, 2016లో పదవతరగతి పరీక్ష దాకా వచ్చింది. కొందరు కోర్టుకు వెళ్ళి మినహాయింపులు తెచ్చుకొన్నారు. అందరు తల్లిదండ్రులకూ కోర్టు అందదు గదా! మా పిల్లవాడూ అరవములోనే వ్రాసినాడు. అరవము మీద మాకు కినుక లేదు, అన్నము పెట్టే భాష అది. అయితే పెద్దాయన అలమరలో యాభైయేండ్ల పత్రికలు కట్టలుగా వున్నవి. వాటిని ఏమి చేస్తారని ఆయన అడిగినప్పుడు కోడలు నిజమే చెప్పింది, "ఎవురు చదవతారు మామా" అని.

అప్పటినుండి ప్రతి శనివారమూ మేము చదువుతున్నాము. ఈ పత్రిక అందగానే ముందు కథ, తరువాత సంపాదకీయము, చివర పెండ్లి వార్తలు, క్రమము ఆయనదే. 2024 జూనులో కృష్ణగిరి పార్లమెంటు సభ్యుడు గోపీనాథ్‌గారు లోక్‌సభలో తెలుగులో ప్రమాణము చేసిన వార్తను మాచేత మూడుసార్లు చదివించుకొన్నాడు. ఆ ఏటి చివర బెంగుళూరులో ఇరవైయొక్క కిలోమీటర్ల పందెము వుండి, మునుపటి రాత్రి తొమ్మిదింటికే పడుకోవలెనని మేము లేవబోతే, ధారావాహికలో ఆ వారపు భాగము ఇంకా నాలుగు పుటలు మిగిలివున్నది. మరునాడు ఉదయమే ఆయనకు కంటి ఆపరేషను. ఆయన ఏమీ అనలేదు, తువ్వాలు సర్దుకొని "పోయిరాండి" అన్నాడు. మా ఇంటామె చెప్పులు విడిచి మళ్ళీ కూర్చున్నది. నాలుగు పుటలూ చదివి, అక్కడే పడుకొని, తెల్లవారి ఆయనతో ఆస్పత్రికి వెళ్ళినాము. నంబరు కాగితాలు అట్లే బీరువాలో వున్నవి.

ఆపరేషనువల్ల మనుష్యులను పోల్చుకొనే చూపు వచ్చింది గాని, అచ్చు కనబడే చూపు రాలేదు.

పన్నెండేండ్ల మనుమరాలు మొదట మా పతకాల కోసమే దగ్గరికి చేరింది. ఒక పతకము కావాలంటే అక్షరమాల పూర్తిచేయాలని మా ఇంటామె బేరము పెట్టింది. హల్లులకు ఒకటి, గుణింతాలకు ఒకటి ఇచ్చినాము. ప్రస్తుతము ఒత్తులలో వున్నది. "జ్ఞ" దగ్గర ఒక నెల నిలిచిపోయి, అది దాటడానికి బెంగుళూరు పతకమే కావాలని పట్టుబట్టి తీసికొన్నది. మేకుకు పదకొండు మిగిలినవి. పిల్ల కూడబలుక్కొని చదువుతుంటే పెద్దాయనకు ఓపిక చాలక మధ్యలో తానే మాట అందిస్తాడు. అందించవద్దని ఆమె కోప్పడుతుంది.

ఈ వ్యాసము అచ్చయితే ఆ పిల్లచేతనే చదివించాలని పెద్దాయన ముందుగానే చెప్పిపెట్టినాడు. తన గురించి ఏమి వ్రాసినామో మా నోట వింటే నమ్మడట, మేము నడుమ నడుమ మార్చి చదువుతామట.