తీగ ఊడదీసి చూడు

పాతికేళ్లకు పైగా ఫ్యాక్టరీల్లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసినవాణ్ని. ముత్తంగిలో మా ఇంటి నుంచి పటాన్‌చెరు వైపు వెళ్లినా, పాశమైలారం వైపు వెళ్లినా ఏదో ఒక షెడ్డులో మోటార్లు తిరుగుతూనే ఉంటాయి. చాలాచోట్ల వాటిని నడిపేది ప్యానెల్ పెట్టెలో కూర్చున్న పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటర్.

దాని పుట్టుక భలే ముచ్చటగా ఉంటుంది. ఒకప్పుడు అమెరికా కార్ల ఫ్యాక్టరీల్లో గోడంత ప్యానెళ్ల నిండా రిలేలే. కారు మోడల్ మారితే వైరింగంతా మార్చాలి. ఆ బాధ పడలేక 1968లో జనరల్ మోటార్స్ వేరే దారి అడిగితే, డిక్ మోర్లీ బృందం మోడికాన్ 084 తయారుచేసింది. గొప్పతనమేమిటంటే, దాని కోసం ఎలక్ట్రీషియన్లు కొత్త భాష నేర్చుకోనక్కర్లేదు. రోజూ చూసే రిలే డ్రాయింగే ప్రోగ్రాము! నిచ్చెనలా ఉంటుంది కనుక లాడర్ అంటారు. లోపల నిజానికి ఆ రిలేలేవీ ఉండవు. ఉన్నట్టు నటిస్తుందంతే. బటన్లు, సెన్సార్లు ఎలా ఉన్నాయో చూస్తుంది, మెట్లన్నీ పైనుంచి కిందికి చదువుతుంది, మోటార్లకు ఆజ్ఞలిస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. అర్ధరాత్రి మెషీన్ ఆగితే నైట్ షిఫ్ట్ కుర్రాడు కూడా చదువుకోగలడు.

ఇప్పుడు ప్రోగ్రాములు ఏఐ రాస్తోంది. మా మేనల్లుడు అలాంటిదే ఒకటి తెచ్చాడు. బల్లమీద చిన్న మోటారు, రెండు బటన్లు. స్టార్ట్ నొక్కితే తిరిగింది, స్టాప్ నొక్కితే ఆగింది.

"నడుస్తుంది కద మామా, ఇంకేం చూస్తవ్?"

2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో నలభై మందికి పైగా పోయారు. దాన్ని ఈ ప్రోగ్రాముల లెక్కలో కలపను. కానీ అప్పట్నుంచి 'నడుస్తుంది కద' అన్న మాట వింటే గుండె గుభేలుమంటుంది.

దాన్ని లాడర్‌లోకి మార్చి చూపించమన్నాను. రెండో మెట్టు దగ్గర దొరికింది. స్టాప్ బటన్ నొక్కితేనే కరెంటు వస్తుందనుకుని రాసింది ఏఐ. వీడూ అలాగే వైరింగ్ చేశాడు. మా పనిలో స్టాప్ బటన్‌కు ఎప్పుడూ కరెంటు పారుతూ ఉండాలి, నొక్కితే తెగాలి. ఎలుక తీగ కొరికినా మోటారు ఆగుతుంది. (ఎమర్జెన్సీ స్టాప్‌నైతే అసలు మామూలు ప్రోగ్రాము చేతిలో పెట్టనే కూడదు. అది వేరే కథ.)

"స్టాప్ తీగ ఊడదీసి నొక్కి చూడు" అన్నాను.

మోటారు తిరుగుతూనే ఉంది. వాడు మళ్లీ నొక్కాడు. తిరుగుతూనే ఉంది.

బటన్ మార్చాడు, మెట్టు మార్చాడు, మళ్లీ తీగ లాగాడు. ఈసారి ఠక్కున ఆగింది. తర్వాత నేనేమీ చెప్పకుండానే సెన్సార్ తీగ మీద చెయ్యి వేశాడు.