సీటు మిగిలితే

మా అమ్మాయి విమానాల కంపెనీలో పనిచేస్తుంది. అందుకని మాకు టికెట్టు చవక, సీటు దైవాధీనం. డబ్బు పెట్టి కొన్నవాళ్ళంతా వచ్చాక ఏదైనా మిగిలితే మాది. మిగలకపోతే రేపు. దీన్ని స్టాండ్‌బై అంటారు. "నాన్నా, ఇస్త్రీ చొక్కా వేసుకో. కౌంటర్లో వాళ్ళతో వాదించకు. నా పరువు తీయకు" అని మరీ మరీ చెప్పి పంపింది.

పోయేటప్పుడు విమానం సగం ఖాళీ. కౌలాలంపూర్‌లో జంట గోపురాలు, బతు గుహల 272 మెట్లు, మా ఆవిడ మోకాళ్ళ నొప్పులు, వీటితో నాలుగు రోజులు గడిచాయి.

అసలు నేను వెళ్ళింది బగాన్ దాతో కోసం. పేరాక్ రాష్ట్రంలో సముద్రం పక్కన కొబ్బరితోటల ఊరు. మన ఉత్తరాంధ్ర నుంచి కూలికి పోయినవాళ్ళు చాలామంది ఆ తోటల్లోనే స్థిరపడ్డారు. మలేషియా తెలుగువాళ్ళు సంఘం పెట్టుకున్నది 1955లో. మాది సోంపేట వైపు. కారు దిగి చూస్తే ఉద్దానంలో ఉన్నట్టే ఉంది. ఒక ఇంటి ముందు కుర్రాడు నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి, మెలితిప్పి, మూడు ఊపుల్లో పీచు వలిచేశాడు. మా ఊళ్ళోనూ అచ్చం అంతే.

లోపల్నుంచి వాళ్ళ నాయనమ్మ వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి. "సుదా మకాన్?" అంది. మలయ్‌లో తిన్నారా అని. మా మొహాలు చూసి, "ఏటి బావూ, తిన్నారా నేదా?" అని తెలుగులో మళ్ళీ అడిగింది. మా తాతలనాటి యాస. మా ఊళ్ళో కుర్రాళ్ళు ఇప్పుడు టీవీ భాష మాట్లాడతారు, ఈవిడ మాత్రం ఆ యాసని ఉప్పులో ఊరేసినట్టు దాచుకుంది. అన్నం, ఎండుచేపల పులుసు పెట్టింది. నేను రెండుసార్లు మారు వడ్డించుకున్నాను. "మూడేళ్ళకి ఎలిపోదావనుకున్నాడట మా తాత. ఎలిపోనేదు" అంది, మజ్జిగ పోస్తూ. మేస్త్రీలు ఊళ్ళలో మనుషుల్ని కూడగట్టి ఓడలెక్కించిన రోజులవి. 1938లో భారత ప్రభుత్వం ఆ కూలీల ఎగుమతిని ఆపేసింది. వచ్చేస్తుంటే రేకు డబ్బా నిండా కొబ్బరి లౌజు పెట్టి, మా ఆవిడ చేతిలో పెట్టింది.

ఆ డబ్బా మాకు విమానాశ్రయంలో ప్రాణాధారమైంది. దీపావళి ముందు వారమని ఎవరూ ఆలోచించలేదు, అమ్మాయి కూడా. హైదరాబాద్ విమానం కౌంటర్ గంట ముందు మూస్తారు. అప్పటిదాకా ఓ పక్కన నిలబడాలి. మొదటి రాత్రి మేం తొమ్మిదిమందిమి. మా అమ్మాయికి నాలుగేళ్ళ సర్వీసు. మా ముందున్న పెద్దాయన కొడుకుది పన్నెండేళ్ళట. వరస అలా ఉంటుంది.

స్టాండ్‌బైవాడి బుద్ధి ఎంత నీచమో ఆ రాత్రే తెలిసింది. టికెట్టు కొన్న మనుషులు ట్రాఫిక్‌లో ఇరుక్కోవాలని, పాస్‌పోర్టు ఇంట్లో మరిచిపోవాలని వేంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను. నాలుగు నిమిషాలుందనగా ఓ కుటుంబం పరుగెత్తుకొచ్చింది. తల్లి, తండ్రి, ముగ్గురు పిల్లలు. ఐదు సీట్లు! చిన్నదాని చెప్పు ఊడి దూరంగా పడింది. మా ఆవిడ వెళ్ళి తీసి తొడిగింది. నేను గడియారం చూసుకుంటున్నాను.

రాత్రంతా కుర్చీల్లో. ప్రతి కుర్చీకీ చేతులు, నడుం వాల్చడానికి వీల్లేకుండా. ఆ చలికి దుప్పటి కూడా చాలదు. లౌజు ముక్క నోట్లో వేసుకుని, పన్నెండేళ్ళ సర్వీసు పెద్దాయనకీ ఒకటిచ్చాను. ఆయనకీ సీటు రాలేదు మరి. రెండో రాత్రి ఒక్క సీటే ఉందన్నారు. నువ్వెళ్ళంటే నువ్వెళ్ళని మేం వాదించుకుంటుండగానే దాన్ని తర్వాతి వరసవాడు ఎగరేసుకుపోయాడు.

మూడో రాత్రి మా పేర్లు పిలిచారు. నాకు మరుగుదొడ్డి పక్క మధ్య సీటు. మా ఆవిడ ఎక్కడో ఆరు వరసల ముందు. విమానం లేచాక ఆవిడ నాకోసమని డబ్బా వెనక్కి పంపింది. చేతులు మారుతూ వస్తోంది. తీసుకోండి, తీసుకోండి అని దారిలో అందరికీ చెబుతోందని తర్వాత తెలిసింది. నా దగ్గరికొచ్చాక మూత తీశాను. అడుగున యాలకుల పొడి అంటుకుని ఉంది.