బొంబాయి ఇరానీ హోటళ్ళలో ఒకరోజు

బొంబాయికి పోయిన మన షోలాపురం వారు మహాలక్ష్మి గుడినీ, గేట్‌వేనూ చూచి వస్తారు. ఇరానీ హోటళ్ళను చూచి వచ్చామని చెప్పేవారు తక్కువ. అవి తాగుడు దుకాణాలని కొందరి భయం. కొన్నింటిలో బీరు అమ్మే మాట నిజమే గాని, వాటి అసలు ప్రాణం చాయలోనూ, వెన్న రాసిన బన్నులోనూ ఉన్నది.

పంతొమ్మిదవ శతాబ్దం చివరనుండి ఇరాను దేశపు యజ్ద్, కెర్మాన్ ప్రాంతాలవారు, జరతుష్ట్ర మతస్థులు, వచ్చి వీటిని పెట్టారు. వీధిమూల కొట్లు అచ్చిరావని తక్కిన వర్తకులు వదలివేస్తే వీరు వాటినే తీసుకొన్నారట. రెండు వీధుల గాలి, రెండు వీధుల గిరాకీ. తెలివిగలవారు!

మొన్న ఒక పెండ్లికి పోతూ మా నాయనను వెంటబెట్టుకొన్నాను. ఆయన పరేలు మిల్లులో సాంచాలు నడిపినవాడు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మందితోపాటు ఆయన పనీ పోయింది. మమ్మల్ని షోలాపురం చేర్చి, మళ్ళీ ఆ ఊరి మొగం చూడనన్నాడు. నలభై యేండ్లకు పైగా చూడలేదు. ఈ పెండ్లి పాత జోడీదారు మనుమరాలిది గనుక కాదనలేకపోయాడు.

రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారి దిగి, ధోబీతలావ్ దాకా నడిచాం. అక్కడ మెట్రో సినిమాహాలు దగ్గర 1904 నాటి కయానీ హోటలు ఉంది. గళ్ళగుడ్డలు పరచిన బల్లలు, వంపుకొయ్య కుర్చీలు, సీసాలనిండా బిస్కట్లు. బన్‌మస్కా, ‘పానీ కమ్’ చాయ చెప్పాం. నీళ్ళు తగ్గించి చిక్కగా కాచే చాయ అది. మా నాయన బన్ను ముంచుకు తింటూ చుట్టూ చూచాడు.

“మా లాల్‌బాగ్ ఇరానీల ఒక్క చాయ తీసుకొని గంటసేపు కూసుంటుంటిమి బిడ్డా. సమ్మెల పైసలు లేకున్నా లేవుమనేటోడు లేకుండె” అన్నాడు. సమ్మె మాట ఆయన నోట నేను విన్నది అదే మొదటిసారి. ఇంకొక చాయ తెప్పించాను. ఇద్దరమూ తొందరపడలేదు.

తరువాత కొలాబా. లియోపోల్డ్ 1871లో నూనెల టోకు దుకాణంగా మొదలై హోటలయిందట. బల్లబల్లకూ బీరు, దేశదేశాల మనుషులు, చెవులు పగిలే సందడి. మేము నిమ్మకాయ సోడా తాగాం. 2008 నవంబరు 26న ఉగ్రవాదులు ఇక్కడ కాల్పులు జరిపి మనుషులను చంపారు. తూటాల గుంటలను పూడ్చకుండా అలాగే ఉంచారు. వాటిపక్కన నిలబడి నవ్వుతూ ఫోటోలు తీయించుకోవడం నాకు నచ్చలేదు. మా నాయన ఒక గుంటనే చూస్తూ, “తింటున్నోళ్ళ మీద కొట్టిండ్రు గదా” అని సోడా సగంలో వదిలేశాడు.

నాలుగడుగుల్లో మోండెగార్. 1932 నాటిది. ఇదీ బీరు హోటలే. గోడలనిండా మారియో మిరాండా గీసిన బొంబాయి జనం: లావుపాటి దొరసానులు, పోలీసులు, తాగుబోతులు, కుక్కలు. చూచిన కొద్దీ నవ్వొస్తుంది. మా నాయన కళ్ళజోడు పెట్టుకొని ఒక చివరినుండి ఇంకొక చివరికి చూచి, “మిల్లోడు ఒక్కడు లేడు” అన్నాడు.

ఒకప్పుడు వందల్లో ఉండిన ఈ హోటళ్ళు ఇప్పుడు కొన్ని పదులే. అద్దె తగవులు, వారసులకు వేరే ఉద్యోగాలు, ఒక్క చాయకు గంట కూర్చునే గిరాకీతో ఇల్లు గడవకపోవడం. కారణాలు చాలా ఉన్నాయి.

సాయంత్రం లాల్‌బాగ్‌లో ఆయన తన ఇరానీ హోటలు మూల దానంతట తానే పట్టుకొన్నాడు. అక్కడ ఇప్పుడు మందుల దుకాణం ఉంది. లోపలికి పోయి మోకాళ్ళకు రాసుకొనే మందు ఒక డబ్బీ కొన్నాడు. ఇక్కడ ఏడు బల్లలుండేవని ఆ కుర్రవాడితో మరాఠీలో చెప్పాడు. వాడు తల ఊపి చిల్లర ఇచ్చాడు. పెండ్లివారి ఇల్లు వెనుక వీధిలోనే. దారి నేను అడగవలసిన పని లేకపోయింది.