ఆటశాలలో పుణుగుల పొయ్యి

మా మేనల్లుని సహాధ్యాయి యొకడు ఇంజనీరింగు ముగించి, ఉద్యోగమునకై హైదరాబాదు పోవుటకు మారుగా కాకినాడలోనే, భానుగుడి కూడలికి అనతిదూరమున, గేమింగ్ సెంటరు నెలకొల్పినాడని విని, ఆ వ్యాపారపు స్వరూప మెట్టిదో కన్నులార చూడవలెనను కుతూహలముతో మొన్న వేసవిలో ఒక సాయంకాలము అచటికి వెళ్లితిని.

పూర్వము బట్టలకొట్టుగా నుండిన ఆ గదిలో నాలుగు ప్లేస్టేషన్లును, ఆరు కంప్యూటర్లును అమరియుండెను. ఫుట్‌బాల్ ఆటలో నిమగ్నులైన బాలురు మనిషి వచ్చిన అలికిడికైనను తల త్రిప్పలేదు. ఆట గంటకు 80 రూపాయలు. డబ్బు పందెములు నిషిద్ధము. బడివేళ యూనిఫారముతో వచ్చువారికి ప్రవేశము లేదు.

"మెషిన్లు కొనేస్తే అయిపోద్దనుకున్నానండి బాబాయిగారూ, అసలు ఖర్చు తర్వాతే మొదలైందండి" అని అతడు చెప్పెను. పగలెల్ల తిరుగు ఏసీకి వచ్చు కరెంటు బిల్లును, ఆట నడుమ కరెంటు పోయినచో ఆ గంట ఉచితముగా ఇచ్చుకొనవలసి వచ్చుటచే కొన్న ఇన్వర్టరును, వాడగా వాడగా అరిగి, తాకకయే తెరమీది ఆటగానిని ఒక ప్రక్కకు ఈడ్చుకొనిపోవు కంట్రోలర్లును అతనికి వ్యాపారము నేర్పిన గురువులు. పరీక్షల నెలలో కుర్చీలు శూన్యములు. అద్దె మాత్రము ఆగదు.

ఆ లోటును పూరించుచున్నది అతని తల్లిగారి పొయ్యి. 18 ఏండ్లు టిఫిన్ బండి నడిపిన ఆ యమ్మ, పులిసిన పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి పుణుగులు వేయుచుండగా, ఆ వాసనకు ఆట నెరుగని కళాశాల విద్యార్థులుసైతము వచ్చి, అల్లం పచ్చడితో తిని, గోలీసోడా త్రాగి పోవుచుండిరి. సగము అద్దె పుణుగులే కట్టుచున్నవని కుమారుడు దాపరికము లేక ఒప్పుకొనెను.

అయినను ఆ పొయ్యి ఆటగదిలో లేదు. 2024 మే 25న రాజ్‌కోట్‌లో ఒక గేమింగ్ జోన్ అగ్నికి ఆహుతియై, పసివారితో సహా అనేకులు దగ్ధులైన వార్త చదివిన నాటి రాత్రి తనకు నిద్ర పట్టలేదని చెప్పుచు, అతడు నన్ను వెనుకకు తోడుకొనిపోయెను. పొయ్యియు, గ్యాసుబండయు పెరటిలో, ఇటుకగోడ కావల నున్నవి. శబ్ద మణచుటకై గోడల కతికింప దలచిన స్పంజి పలకలను, అవి వేగముగ అంటుకొనునని తెలిసి, మానివేసెను. రెండవ ద్వారమునకు ఆట సాగునంతసేపు తాళము వేయడు. ఇందులకై రెండు కుర్చీల చోటు కోల్పోయెను. లాభము నింకను కంటితో చూడని తొలి యేటనే ఆ చోటు విడిచిన యువకునియెడ నాకు గౌరవము కలిగినది.

మేము తిరిగి వచ్చునప్పటికి, పుణుగులు తిన్న ఒక బాలుడు ఆటగదిలోనికి పరుగెత్తబోవుచుండెను. నూనె చేతితో పట్టినచో కంట్రోలరు మీటల సందుల జిడ్డు పేరుకొనును గదా!

"చేతులు చూపించు నాన్నా" అని ఆ తల్లి ద్వారమునకు అడ్డముగా నిలిచెను.

వాడు వెనుదిరిగి, కుళాయి దగ్గర సబ్బుతో కడుగుకొని వచ్చి, తడి యారని రెండు అరచేతులును ఆమె కన్నుల యెదుట చాచెను.